పక్క ధమని చప్పుడు

మా అక్కని ఆసుపత్రిలో అందరూ చప్పుడమ్మ అంటారు. కాలేయం మార్పిడి అయినవాళ్ళ పొట్టమీద స్కాన్ ప్రోబు ఆనించి, కొత్త కాలేయానికి రక్తం అందుతోందో లేదో విని చెప్పడం ఆవిడ పని. చెప్పింది టైపు చెయ్యడం నా పని. నాకు మాత్రం ఏ పేరూ పెట్టలేదు. నా నోటికి జడిసి ఉంటారు.

ఆరేళ్ళ క్రితం ఒకాయనకి కూతురు కాలేయం ఇచ్చింది. మూడోరోజు అక్క విని, "బాగుంది, రాసెయ్" అంది. రాసేశాను. తీరా చూస్తే ఆవిడ విన్నది పక్కనుంచి పోయే వేరే ధమని చప్పుడు. కాలేయానికి వెళ్ళే ధమని అప్పటికే గడ్డకట్టి మూసుకుపోయింది. ఆయన దక్కలేదు.

అప్పట్నుంచీ ఆ చప్పుడు అక్కని వదల్లేదు. అన్నం తింటూ తింటూ చెయ్యి ఆపేసి, "వినబడుతోందా?" అంటుంది. నాకు భయమేస్తుంది. పైకి మాత్రం, "ఫ్రిజ్జే తల్లీ, తిను!" అని కసురుతాను.

మొన్న ఒక బస్సు డ్రైవరుకి భార్య కాలేయం పంచి ఇచ్చింది. రెండోరోజు పొద్దున స్కాన్. ఆమె చక్రాల కుర్చీలో, తన కుట్లమీద చెయ్యి అదుముకుని పక్కనే కూర్చుంది. గదంతా హుష్ హుష్‌మని చప్పుడు.

"వినిపిస్తోందిగా! ఇంకేం, కానివ్వండి," అన్నాడు సర్జన్.

అక్క ప్రోబు తియ్యలేదు. పక్కటెముకల సందులోకి జరిపి, కాలేయం లోపల వెతికింది. ఎంత వెతికినా చప్పుడు లేదు.

"ఆ చప్పుడు కాలేయానిది కాదు సార్, పక్కదానిది. లోపల ధమని పలకడం లేదు."

"మీకు పాత భయం పట్టుకుందమ్మా!"

నాకు ఒళ్ళు మండిపోయింది. "భయమో కాదో సీటీ స్కాన్ తీయించి చూడండి. బాగుందని మాత్రం నేను చచ్చినా టైపు చెయ్యను," అన్నాను.

సీటీలో ధమనికి అడ్డుపడ్డ రక్తపు గడ్డ కనబడింది. గంటలోపే ఆపరేషన్ చేసి తీసేశారు. మర్నాడు స్కాన్ చేస్తే కాలేయం లోపలే చప్పుడు చక్కగా వినిపించింది. డ్రైవరు భార్య అక్క చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. సర్జన్ కూడా దండం పెట్టాడు.

అందరూ వెళ్ళాక అక్క, చేతికంటిన జెల్ అయినా తుడుచుకోకుండా, స్టూలు మీద కూలబడింది.

"నిన్న లోపల వెతకడానికి ఎంతసేపు పట్టిందే?"

"ఎంతసేపేంటక్కా, రెండు నిమిషాలు."

"రెండే," అంది. "ఆనాడు ఆ పిల్ల నాన్నకి ఆ రెండు నిమిషాలు ఇవ్వలేదే నేను."