బావ కారు ఇంజను మీది నాలుగంకె

మొన్న పాత కార్లు సేకరించే విశాఖపట్నం ఆయన ఒకరు ఫోనులో ఫొటో పంపి, ఈ ఇంజను నెంబరులో నాలుగంకె మిగతా బళ్ల మీద ఉన్నట్టు లేదు, ఎవరైనా చెరిపి మళ్లీ కొట్టారంటారా అని అడిగారు. కళ్లజోడు పెట్టుకుని చూస్తుంటే, అసలు ఈయనే ఏదైనా దాస్తున్నాడేమో అన్న అనుమానం ముందుగా వచ్చింది. నా బుద్ధి మొదటినుంచీ అంతే, కూరలు కొన్నా కన్ను తూకం మీదే ఉంటుంది.

సాలూరు లారీ షెడ్డులో నేను మేస్త్రీగా ఉన్న రోజుల్లో, పాత బండి చేతులు మారుతోందంటే ఇంజను మీది జిడ్డు కిరసనాయిలుతో తుడిచి, అంకెల మీద తెల్లకాయితం పరిచి, పెన్సిలుతో రుద్ది ముద్ర తీసేవాళ్లం. దొంగబళ్లకు అంకెలు అరగదీసి కొత్తవి కొట్టేవాళ్లు అప్పుడూ ఉండేవారు కాబట్టి, ఆ కాయితాన్ని ఎండలో అటూ ఇటూ తిప్పి చూసి నేను తల ఊపితేనే బేరం కుదిరేది. ఆ గౌరవం నా తలకెక్కిందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

మా అక్క మొగుడు ఉన్న మెట్టభూమి చెక్క అమ్మేసి, బాడుగకు తిప్పుకుందామని ఒక పాత కారు కొని తెచ్చాడు. నేనే ముద్ర తీశాను. ఆ రకం బళ్లన్నిటికీ నాలుగంకె పైన తెరుచుకుని ఉండడమే నేనెరుగుదును, దీనికేమో మూసుకుని, కాస్త లోతుగా దిగి ఉంది. బావను ఒక్క మాట అడగొచ్చు కదా, అడగలేదు. తెలిసే కొన్నాడు, నా దగ్గర కూడా దాచాడు అనుకుని, ఆ కాయితం షెడ్డులో పదిమందికీ చూపించాను.

సాలూరులో బండి మాట ఆగుతుందా! వారం తిరక్కుండా దొంగబండి అని పేరు పడిపోయింది, పెళ్లికి బాడుగ మాట్లాడుకున్నవాళ్లు కూడా వద్దనేశారు. చివరికి బావ కారును తుక్కుకిచ్చేసి గరివిడి ఫ్యాక్టరీలో ఖనిజం మోసే పనికి పోయాడు. అక్క నాతో మాట్లాడటం మానేసింది. నేను మాత్రం నా కన్ను తప్పదని సిగ్గులేకుండా తిరిగాను.

చాలా ఏళ్లకు విజయనగరంలో ఒక డాక్టరు గారి అదే రకం కారు మరమ్మతుకు వచ్చింది, కొత్తగా కొన్ననాటి నుంచీ ఆయన చెయ్యి దాటని బండి. ఇంజను తుడిచి చూద్దును కదా, అదే నాలుగు, మూసుకుని, లోతుగా. ఫ్యాక్టరీలో అంకెలు కొట్టే పంచ్ అరిగిపోతే ఇంకోటి తెచ్చుకుంటారని, ఆ రెండూ ఒకే అచ్చు కానక్కర్లేదని, ఇనుముతోనే బతికిన నాకు అప్పటిదాకా తట్టలేదు. ముద్ర తీసుకుని గరివిడి బస్సెక్కాను.

బావ కాయితం చూసి మడిచి ఇచ్చేశాడు. "అంకె మీద నీకనుమానమొస్తే తప్పునేదురా. నామీదెలాగొచ్చినాది?" అన్నాడు. అక్క అన్నం పెట్టింది, తలొంచుకుని తిన్నాను.

ఇప్పుడు నెంబర్లు యంత్రాలే చెక్కుతున్నాయి, అన్నీ ఒకే తీరు. ఎండలో కాయితం తిప్పి చూసేవాళ్లూ లేరు, మేస్త్రీ తల ఊపేదాకా ఆగేవాళ్లూ లేరు. ఆ పనిమీద నాకు బెంగ ఉంది, దాన్ని తలుచుకుంటే భయమూ ఉంది. రాకపోకలు మళ్లీ మొదలయ్యాక, తను పోయేదాకా కూడా, బావ మా ఇంటికి ఏం తెచ్చినా, జీడిపప్పు పొట్లమైనా సరే, నా ముందు విప్పి చూపించాకే చేతికిచ్చేవాడు.