ఇరవై రెండో పత్రం

శుక్రవారం మూడో పీరియడులో హెడ్మాస్టరు గది నుంచి కబురు వచ్చేసరికి లెక్కల టీచరు బోర్డు మీద త్రిభుజం గీసి, దాని మూలలకు ఇంకా పేర్లు పెట్టలేదు. ఆ బడిలో ఆమెది ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసు. నియామక పత్రం మొదలుకొని నిన్నటి సర్క్యులరు దాకా ప్రతి కాగితాన్నీ పదిలపరిచే అలవాటు వల్ల తోటివారు ఆమెను ఫైలమ్మ అంటారు. చాటున కాదు, ఎదుటే. ఆమెకు మరో ఖ్యాతి కూడా ఉంది. పేరు లేని జవాబు పత్రం ఏది చేతికిచ్చినా, అది ఎవరి రాతో ఒక్క చూపులో చెప్పేస్తుంది.

ఆ ఖ్యాతే ఆ పూట మెడకు చుట్టుకుంది.

"కూర్చోండి మేడమ్," అంటూ హెడ్మాస్టరు ఒక కాగితాన్ని ఆమె వైపు జరిపాడు. పక్కనే మరికొన్ని దారంతో కట్టి ఉన్నాయి. ఉపాధ్యాయుల ఉద్యోగ తృప్తిని తెలుసుకోవాలని పై ఆఫీసు పంపిన ప్రశ్నపత్రాలవి. ఇరవై రెండు మందికి లెక్కగా ఇరవై రెండు, ప్రతిదాని మీదా ముద్ర. పేరు రాయనవసరం లేదని పైన అచ్చువేసి మరీ పంపారు.

"ఇరవై ఒకటి ముత్యాల్లా ఉన్నాయి. ఇదొక్కటే పంటికింద రాయి. సాయంత్రం నాలుగింటికి అన్నీ పైకి వెళ్లాలి. ఎవరు రాశారో చెప్పండి. మీకిది మంచినీళ్ల ప్రాయం కదా."

చెప్పడానికి ఆమెకు రెండో వాక్యం దాకా అక్కర్లేకపోయింది. తలకట్టును అక్షరానికి అంటించకుండా కాస్త కుడివైపుకు వదిలేసే చేయి బడి మొత్తానికీ ఒకటే. రెండేళ్ల క్రితం కాంట్రాక్టు మీద చేరిన సైన్సు టీచరుది. ఒకప్పుడు ఇదే బడిలో ఆరో తరగతి ముందు బెంచీలో కూర్చున్న పిల్ల. "నీ అక్షరాల గొడుగులు గాలికి ఎగిరిపోతున్నాయే, పట్టుకో" అని ఆమె ఏడిపించిన పిల్ల.

గుర్తుపట్టిన సంగతి మొహంలో కనబడకుండా చదవసాగింది.

మీకు అత్యంత తృప్తినిచ్చేదేమిటి? 'తలుపు వేసి పాఠం మొదలుపెట్టాక గడిచే నలభై నిమిషాలు. అందులో సగం ఆఫీసు కబుర్లకే పోతున్నాయి.' సెలవు దొరకడం సులభమేనా? 'మీ పీరియడు ఎవరు తీసుకుంటారని అడుగుతారు. ఒంట్లో ఎలా ఉందని అడగరు.' మీ ఇబ్బందులు ఎవరితో చెప్పుకుంటారు? 'ఎవరితోనూ కాదు. పెద్ద టీచర్లకు అన్నీ తెలుసు. తెలిసినవన్నీ ఫైల్లో పెట్టుకుంటారు.'

లెక్కల టీచరు ఆ చివరి జవాబును రెండోసారి చదివింది.

"ఎవరిది మేడమ్?"

"పేర్లు అడగకూడదనే కదా సార్ రాయించారు?"

"అది కాగితం మీద మాట. మనలో మనకెందుకు?" ఆయన సొరుగులోంచి మరో కాగితం తీశాడు. కాంట్రాక్టు పొడిగింపు జాబితా. ఇద్దరి పేర్లే ఉన్నాయి: సైన్సు టీచరు, డ్రిల్లు మాస్టరు. కింద సంతకం చోటు ఖాళీ. "మన పర్మనెంటు వాళ్లెవరూ ఇలాంటి పని చెయ్యరు. ఈ ఇద్దర్లో ఎవరో చెబితే ఒక పేరే పోతుంది. చెప్పకపోతే, రెండూ కొట్టేస్తాను. తర్వాత మీ ఇష్టం."

నోరు మూసుకుంటే సరిపోతుందని అప్పటిదాకా ఆమె అనుకుంటూ వచ్చింది. ఇరవై తొమ్మిదేళ్లుగా అనుకుంటూనే వచ్చింది. ఆ కట్టలో పై నుంచి మూడోది తన పత్రమే. ఏమడిగారో కూడా చూడకుండా పన్నెండు ప్రశ్నలకూ 'పూర్తి తృప్తి', 'పూర్తి తృప్తి' అని తన గుండ్రటి చేతిరాత. దాని పైనా కిందా ఉన్నవాటిలోనూ అవే రెండు మాటలు.

"సార్, పరీక్షలో ఇరవై ఒక్కమంది ఒకే జవాబు రాస్తే మనం ఏమంటాం?"

"ఇది పరీక్షా మేడమ్?"

"నన్ను పిలిచింది పేపరు దిద్దడానికే అనుకున్నాను."

ఎర్ర పెన్ను ఎప్పుడూ ఆమె జడలో పిన్నుతో పాటే ఉంటుంది. అది తీసి, సైన్సు టీచరు రాసిన మొదటి జవాబుకు టిక్కు పెట్టింది. హెడ్మాస్టరు చెయ్యి చాచేలోగా మరో మూడు పడ్డాయి. ఫైలు మాటకొచ్చేసరికి పెన్ను ఆగింది. కాసేపు ఆగి, అక్కడ మిగతావాటికన్నా పెద్ద టిక్కు పెట్టింది. అట్టడుగున 'జవాబులన్నీ సరైనవి' అని రాసి, సంతకం చేసి, తేదీ వేసింది. ఆ తర్వాత కట్టలోంచి తన పత్రం లాగి అడ్డంగా కొట్టేసి, 'చూచి రాసినది' అని రాసింది.

"మతిపోయిందా మీకు? ఆఫీసు రికార్డది."

"అందుకే తేదీ కూడా వేశాను సార్."

"అయితే రాసింది మీరేనా?"

"రాసిందెవరో నేను చెప్పను. దిద్దింది మాత్రం నేనే. పేరు అడగరాదన్న సర్క్యులరు నా దగ్గరుంది. ఈ కాగితం పైకి వెళ్తే ఈ టిక్కులేమిటని అడుగుతారు. నన్నెందుకు పిలిచారో, ఆ జాబితా మీద సంతకం ఎందుకు ఆగిందో వెళ్లి చెబుతాను. కాగితం వెళ్లకపోతే, ఒకటి తక్కువెందుకొచ్చిందని మిమ్మల్నే అడుగుతారు."

హెడ్మాస్టరు గోడ గడియారం కేసి చూశాడు. ఆయన ఎర్రగీతల కేసి చూశాడు, ఖాళీ చోటు కేసి చూశాడు. చివరికి పెన్ను మూత తీసి జాబితా మీద సంతకం చేశాడు. ఎంత గట్టిగా చేశాడంటే, కింది కాగితం మీద కూడా అచ్చు దిగింది.

"దీనికి మీరు సమాధానం చెప్పుకోవలసి ఉంటుంది."

"అలాగే సార్."

వరండాలో సైన్సు టీచరు సుద్దముక్కను నలుపుతూ నిలబడి ఉంది.

"ఏమన్నారు మేడమ్?"

"జాబితాలో నీ పేరుంది. ఆయన సంతకమూ పడింది." రెండడుగులు నడిచి వెనక్కి తిరిగింది. "గొడుగులు ఇంకా ఎగిరిపోతూనే ఉన్నాయే నీకు."

ఆ పిల్ల ఏదో చెప్పబోయింది. "ఆ ఫైలు మాట..."

"బాగా రాశావు. క్లాసుకు వెళ్లు."

ఆఖరి పీరియడులో గుమాస్తా మెమో తెచ్చాడు. ఆఫీసు రికార్డును పాడుచేసినందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. అందినట్టు సంతకం చేసి, అలవాటుగా ఫైలు తెరిచింది. తెరిచి ఆగిపోయింది. మెమోను అందులో పెట్టకుండా, స్టాఫు రూములో అందరూ కాఫీ తాగే బల్ల మీద పరిచి, ఎగిరిపోకుండా దాని మీద డస్టరు పెట్టింది.

"ఇదేంటి ఫైలమ్మగారూ, బయటే ఉంచేశారు?" అన్నాడు డ్రిల్లు మాస్టరు.

"చదవండి. చదివాక మీ తృప్తి సంగతి మళ్లీ మాట్లాడుకుందాం."

మొదట ఎవరూ లేవలేదు. కాసేపటికి ఒక కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది.