ఉడత వంతు

కోడలు వంటింటి బల్ల మీదే ఆఫీసు పని చేస్తుంది. కంప్యూటర్ నల్లటి తెర మీద ఒక్క వరుస టైపు చేసి, బియ్యంలో రాళ్ళు వెతికినట్టు ప్రతి అక్షరం మీదా వేలు పెట్టి చూసుకుని, అప్పుడు మీట నొక్కుతుంది. ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటర్లు ఆ వరుస అందుకుని కార్టూన్ సినిమాకి బొమ్మలు తయారుచేస్తాయి. అన్నిటికన్నా చివర్న రోజూ ఒక ఉడత సీను పంపుతుంది. పోయిన భర్త చేసిన ఆఖరి పని అది, సినిమాలోంచి తీసేశారు. అందరి పనీ అయ్యాకే దాని వంతు, ఆ వంతు ఏ రోజూ రాదు. రేపు ఆ ఫైళ్ళు చెరిపేస్తారని తెలిసి ఈరోజు ఆమెకు అన్నం సహించలేదు.

సాయంత్రం తోటి ఉద్యోగి ఫోన్ చేశాడు. "వదినా, పెద్ద కంప్యూటర్లలో ఇప్పుడు నా పనొక్కటే నడుస్తోంది, దాన్ని కాసేపు ఆపాను. మీ ఉడతని ముందుకు తోసెయ్యండి."

"మీ మేనేజర్ చూస్తే?"

"తిడతాడు. నాకేమన్నా కొత్తా?"

ఆమె వరుస మార్చి, వేలు పెట్టి చూసుకుని, మీట దగ్గర ఆగిపోయింది. "అత్తయ్యా, మీరు నొక్కండి." అత్తగారు తడిచెయ్యి కొంగుకు తుడుచుకుని నొక్కింది. టీ చల్లారేసరికి మొదటి బొమ్మ వచ్చింది. ఉడత కాయను ఎడమచేత్తో పట్టుకుని ఉంది.

"వాడిదీ ఎడమచేతి వాటమే కదే," అంటూ అత్తగారు కుర్చీ దగ్గరకు లాక్కుంది.