పానా ముట్టనన్న మెకానిక్ కాకా

మా కారు ఆగిపోయింది నా వల్లేనని ఇంతవరకూ ఎవరికీ నోరు తెరిచి చెప్పలేదు. ఆ నేరం ముందు పెట్రోలు బంకు ఆయన మీద పడింది. తర్వాత వానల మీద పడింది. పక్కింటి సారు లెక్క ప్రకారం కొంత ఢిల్లీ మీద కూడా పడింది. నా దాకా మాత్రం రాలేదు.

తెలంగాణ కోసం అందరూ సమ్మెలో ఉన్న రోజులవి. బస్సులు లేవు, బడులు లేవు, బంకులు ఎప్పుడు తెరుస్తారో తెలియదు. డీజిల్ తెచ్చి దాచుకుందామని బాపు నన్నొక నీలం డబ్బా కడిగి పెట్టమన్నాడు. అప్పుడు నేను లైబ్రరీ నవల ఒకటి చదువుతున్నాను, చివరి ముప్పై పేజీలు మిగిలాయి. ఒక చేత్తో పుస్తకం, ఒక చేత్తో డబ్బా. నీళ్లు పోసి గిలకరించి ఒంపుతూ ఉండగా ఆ నవల్లో అమ్మాయికి ఉత్తరం వచ్చింది. ఉత్తరంలో ఏముందో చూడాలి కదా. డబ్బా అడుగున చెంబెడు నీళ్లు ఉండగానే మూత బిగించేశాను. సాయంత్రం బాపు అందులోనే డీజిల్ పోయించుకొచ్చి కారులో పోశాడు.

బాపు జనగామ డిపోలో బస్సు డ్రైవరు. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఒక్కసారి కూడా బానెట్ ఎత్తి చూడలేదు. ఆ అవసరం రాలేదు. రాత్రి బండి అప్పగించేటప్పుడు డిపో పుస్తకంలో "బండి గుంజుతలేదు" అని రాసి సంతకం పెడితే తెల్లారేసరికి బండి గుంజేది. మధ్యలో ఏం జరుగుతుందో ఆయన ఎన్నడూ అడగలేదు. ఆ ధైర్యంతోనే పాత డీజిల్ కారు ఒకటి కొన్నాడు.

అక్క వాళ్లు భూపాలపల్లిలో ఉంటారు. బావకు బొగ్గుబాయిలో పని. అక్కకు రెండో కాన్పులో పాప పుట్టింది. ఇరవై ఒకటో రోజున ఉయ్యాలలో వేస్తారు, ఆ ఉయ్యాల తీసుకుపోవలసింది మేమే. బాపు జఫర్‌గఢ్ పోయి వడ్రంగి దగ్గర ఉయ్యాల తీసుకుని, కారు మీద కట్టుకుని వస్తున్నాడు. ఊరు రెండు కిలోమీటర్లు ఉందనగా కారు దగ్గింది, ఎగిరింది, ఆగిపోయింది. చివరికి ఒక ట్రాక్టరు వెనక తాడు కట్టించుకుని, నెత్తిన ఉయ్యాలతో మా వీధిలోకి వచ్చింది. ఆ సమ్మె రోజుల్లో మా వీధి వాళ్లు అంతగా నవ్వింది అదొక్కనాడే.

అరుగు మీద నీలం డబ్బా చూడగానే నాకు సంగతి అర్థమైంది. డైరీ తీసి రాశాను: "డబ్బాలో నీళ్లు ఒంపలేదు. డీజిల్‌లో కలిసి ఉంటాయి. ఎల్లుండి పాపకు ఉయ్యాల లేకపోతే కారణం నేనే. చెప్పే ధైర్యం లేదు." పేజీ తిప్పి, మధ్యలో పెన్ను పెట్టి మూసేశాను.

మర్నాడు పొద్దున బాపు సమ్మె శిబిరం నుంచి డిపో మెకానిక్‌ను వెంటబెట్టుకొచ్చాడు. నేను ఆయన్ని కాకా అనేదాన్ని. కాకా రెండు చేతులూ వెనక్కి కట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు.

"చూడనీకె వచ్చిన అన్నా. ముట్టనీకె కాదు."

"అదేందిరా?"

"తెలంగాణ వచ్చేదాంక పానా ముట్టమని శిబిరంల అందరి ముంగట ఒట్టేసినం గద."

"గది డిపోల పానా."

"డిపోల పానా అని అనలె. పానా అన్నం."

"నేను స్టీరింగు ముట్టనని ఒట్టేసి కారు నడుపుతలేనా?"

"గందుకే ట్రాక్టరు గుంజుకొచ్చింది."

అమ్మ గుమ్మంలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాకా కుర్చీలో కూర్చుని, అలవాటు కొద్దీ, "కంప్లయింటు ఏంది?" అన్నాడు. బాపు కూడా అలవాటు కొద్దీ కాగితం వెతికాడు. కిటికీలో నా డైరీ ఉంది. పెన్ను ఉన్నచోట తెరిచి, ఖాళీగా కనబడిన పేజీ చింపి, "బండి గుంజుతలేదు. ఎగురుతుంది. ఆగుతుంది" అని రాసి సంతకం పెట్టాడు. ఆ కాగితానికి రెండో వైపు నా సంగతంతా ఉంది.

కాకా బాపు రాసింది చదివి, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. ఆ తర్వాత ఆ జేబు తప్ప నాకింకేమీ కనబడలేదు.

"నీళ్లో మట్టో పట్టి ఫిల్టర్ జామయింది. మార్చాలె," అన్నాడు. కారు అమ్మినాయన డిక్కీలో కొత్త ఫిల్టర్ ఒకటి పెట్టే ఇచ్చాడు. ఇన్నాళ్లూ బాపు అది ఏదో గ్రీజు డబ్బా అనుకున్నాడు. ఇప్పుడు బానెట్ ఎత్తి చెయ్యి పెట్టబోతే మోచేతి దగ్గరే ఇరుక్కుంది.

"నీ చెయ్యి పోదన్నా. బిడ్డను రమ్మను."

చుట్టాలొస్తే మంచినీళ్లివ్వడానికి కూడా తలుపు చాటు నుంచే చెయ్యి చాపే మనిషిని నేను. ఆ చెయ్యి పట్టుకుని నన్ను కారు ముందు నిలబెట్టారు. పాత ఫిల్టర్ ఎంత తిప్పినా కదల్లేదు. కాకా చుట్టూ చూసి, "అన్నా, నీ బెల్టు ఇప్పు," అన్నాడు. బాపు ఖాకీ ప్యాంటు బెల్టు ఫిల్టర్ చుట్టూ బిగించి లాగితే కిర్రుమని తిరిగింది. ఆ తర్వాత పనంతా బాపు ఒక చేత్తో ప్యాంటు పట్టుకునే చేశాడు.

ఫిల్టర్‌లో ఉన్నది గాజు సీసాలో ఒంపాం. కాసేపటికి పైన డీజిల్, కింద నీళ్లు విడివిడిగా తేరుకున్నాయి. సరిగ్గా అప్పుడే పక్కింటి సారు వచ్చాడు. ఆయన బడిపంతులు, సమ్మె వల్ల పాఠం చెప్పడానికి పిల్లలు లేక ఎవరు దొరికితే వాళ్లకు చెబుతున్నాడు.

"కల్తీ!" అన్నాడు సీసా ఎత్తి పట్టుకుని. "మన నీళ్లు మనకే డీజిల్ అని అమ్ముతున్నరు. చూసినవా అన్నా, ఢిల్లీల అడిగేటోడు లేక బంకోడు గిట్ల చేస్తుండు."

"నడువు సారూ! శిబిరంల అందరికీ చూపెడదం. బంకు ముంగట ధర్నా చేద్దం," అన్నాడు బాపు, ప్యాంటు పైకి లాక్కుంటూ.

"సీసా జాగ్రత్త. ఇదే సాక్ష్యం."

బంకు ఆయన నాకు తెలుసు. ఎప్పుడు కనబడినా "మంచిగ చదువుతున్నవా?" అని అడిగే ముసలాయన. ఆయన బంకు ముందు నా చెంబెడు నీళ్ల కోసం వంద మంది కూర్చుని నినాదాలు ఇవ్వడం కళ్ల ముందు కనబడింది. "బాపూ..." అన్నాను. "బాపూ, ఆ డబ్బ..." అన్నాను మళ్లీ.

"నువ్వుండు బిడ్డా," అన్నాడు బాపు.

కాకా నా వైపు చూశాడు. అరుగు మీద నీలం డబ్బాను చూశాడు. కంప్లయింటులో ఇంకేమైనా ఉందేమోనని కాబోలు, జేబులోంచి కాగితం తీసి మడతలు విప్పాడు. ఒక వైపు చూసి తిప్పాడు. రెండో వైపు చదవడానికి చాలాసేపు పట్టింది. నేను బంపరు పట్టుకుని నిలబడ్డాను.

కాకా కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. లేచి, పొద్దుటి నుంచి వెనకే ఉన్న చేతులు ముందుకు తెచ్చాడు.

"సారూ, సీసా ఇటియ్యి."

తీసుకుని మొత్తం మట్టిలో ఒంపేశాడు.

"సాక్ష్యం పారబోస్తివేందయ్యా!" సారు లబలబలాడాడు.

"వానకాలం సారూ. గాలిలనే నీళ్లుంటయి. ముసలోనితోని మనకేం కొట్లాట?"

"నువ్వేది ముట్టనంటివి గద!" అన్నాడు బాపు.

"పానా ముట్టనన్న. సీసా ముట్టననలె."

ఆ తర్వాత పని జరిగింది. బాపు కారు కింద దూరి ట్యాంకులో ఉన్నదంతా తొట్టిలోకి దించాడు. నిన్నటి ట్రాక్టరాయనే అయిదు లీటర్ల మంచి డీజిల్ ఇచ్చాడు. కొత్త ఫిల్టర్‌ను దానితో నింపి, రబ్బరు రింగుకు కొంచెం పూసి, చేత్తో బిగించాను. పైన చిన్న స్క్రూ వదులు చేసి, పక్కనున్న పంపు బొటనవేలితో నొక్కమన్నాడు కాకా.

"బుడగలొస్తున్నయా?"

"వస్తున్నయి కాకా."

"లోపట గాలున్నంతసేపు బండి లేవది. కొట్టు."

కొట్టాను. వేలు వాచింది. చివరికి బుడగలు ఆగి డీజిల్ ఒక్క ధారగా వచ్చింది. స్క్రూ బిగించాను. బాపు తాళం తిప్పాడు. కారు రెండుసార్లు మూలిగి, తెల్లటి పొగ వదిలి లేచింది. పైన ఉయ్యాల దానంతటదే ఊగింది. అమ్మ అప్పటికే సంచి పట్టుకుని వెనక సీట్లో కూర్చుంది.

"కాగితం ఇటియ్యిరా, దాచిపెడత," అన్నాడు బాపు.

నేను కాకా జేబు వైపు చూశాను.

"నీకెందుకన్నా? కంప్లయింటు కాగితం రిపేరు చేసినోళ్ల దగ్గరుంటది. డిపో రూలు."

సమ్మె అయ్యాక కాకాకు మహబూబాబాద్ డిపోకు బదిలీ అయింది, నేను ఆయన్ని మళ్లీ చూడలేదు. ఆ రోజు వాకిలి దాటే ముందు ఆయన ఆ నాలుగు మడతల కాగితం నా డీజిల్ చేతిలో పెట్టాడు. బాపు హారన్ కొడుతున్నాడు. కాకా మళ్లీ చేతులు వెనక్కి కట్టుకుని, నాకు మాత్రమే వినబడేటట్టు అన్నాడు:

"డబ్బ కడిగినంక ఎండల బోర్లియ్యాలె బిడ్డా."