తడిలో కనపడని గీతలు

నా చిన్నప్పుడు వాటర్ పేపర్ నన్ను విసిగించినంతగా ఎక్కాలు కూడా విసిగించలేదు. కారు రంగు మీద నీళ్ళు పోస్తూ రుద్దే సన్నటి గరుకు కాగితమది. రావులపాలెంలో మా మావయ్య బళ్ళకి రంగులు వేసేవాడు. అప్పటిదాకా వేసినవన్నీ లారీలూ, ఎడ్లబళ్ళే. మొదటిసారి ఒక కారొచ్చింది. అరటి గెలల వ్యాపారి ఒకాయనది, నల్లటిది. అది బాగా కుదిరితే ఊళ్ళో కార్లన్నీ తన షెడ్డుకే వస్తాయని మావయ్య ఆశ.

వేసవి సెలవులకి వెళ్ళిన నేను, నేనూ రుద్దుతానని ఎగబడ్డాను. అరిగిన హవాయి చెప్పు ముక్కకి కాగితం చుట్టి, సబ్బునీళ్ళ బకెట్ పక్కన పెట్టి, ఒక తలుపు నాకు అప్పగించాడు. కాసేపటికే వేళ్ళు నాని ముడతలు పడ్డాయి. నీళ్ళ కింద తలుపు నిగనిగలాడుతుంటే "అయిపోయింది మావయ్యా" అనేదాన్ని. ఆయన వచ్చి పొడిగుడ్డతో తుడిచేవాడు. నా చెయ్యి పడని చోట్లన్నీ చుక్కలుచుక్కలుగా బయటపడేవి. "తడి మీద అన్నీ బాగానే ఉంటాయే అమ్మడూ, ఆరాక చూడు" అని వెళ్ళిపోయేవాడు. అలా నాలుగుసార్లు. నాకు ఏడుపొచ్చేంత ఒళ్ళుమంట.

ఐదోసారి ఆయన చూడకుండా, సొట్టల్లో నింపిన లప్పం రుద్దే ముతక కాగితం తీసుకుని కసిదీరా రుద్దాను. తుడిచి చూస్తే పిల్లి రక్కినట్టు గీతలు. భయమేసి చెంబుడు నీళ్ళు పోశాను. గీతలు కనపడలేదు. ఇక ఆ తలుపు ఆరకుండా పొద్దువాలే దాకా నీళ్ళు పోస్తూనే ఉన్నాను. మావయ్య అవతలి వైపు పాలిష్ పెట్టుకుంటున్నాడు.

సాయంత్రం ఆ వ్యాపారి పని చూడ్డానికి వచ్చారు. పాలిష్ పెట్టిన వైపు చూసి ముచ్చటపడ్డారు. "ఇటు కూడా చూడండి, మా మేనకోడలు రుద్దింది" అంటూ మావయ్యే మురిసిపోతూ నా తలుపు తుడిచాడు. తుడిచి ఆగిపోయాడు. ఒక్కసారి నా బకెట్లోని ముతక కాగితం వైపు చూశాడు.

"ఆఖర్న నేనూ ఓ చెయ్యేశానండి, నా చెయ్యే తప్పింది. రెండ్రోజులివ్వండి, మళ్ళీ రంగేసి సరిచేసేస్తాను."

"లారీలకి రంగులేసుకునేవాడికి ఇచ్చాను చూడు, నాది బుద్ధి తక్కువ."

నేనే చేశానని చెప్పబోయాను. చెప్పకుండా ఆ ముతక కాగితాన్ని బకెట్ అడుక్కి తోసేశాను. మర్నాడే కారు రాజమండ్రిలో వేరే షెడ్డుకి వెళ్ళిపోయింది.

మావయ్య తిడతాడని చూశాను. తిట్టినా బాగుండేది. బకెట్ బోర్లిస్తూ, "గీతలు పడ్డప్పుడే చెప్పుంటే, ఆయనొచ్చేలోపే పోగొట్టేసేవాణ్ణి కదే" అన్నాడు, అంతే.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. కూరలో ఉప్పెక్కువైనా సరే, ఎవరూ కంచం ముందు కూర్చోకముందే చెప్పేస్తాను. మా కోడలు అది నా మంచితనం అనుకుంటుంది. మంచితనమూ కాదు, పాడూ కాదు. ఆ సాయంత్రం నోరు మెదపని ఆ పిల్ల మీద కోపం నాకింకా తీరలేదు. మావయ్య షెడ్డుకి ఆ తర్వాత ఒక్క కారూ రాలేదు.