అన్నయ్య చేతిలోంచి నేను లాక్కున్న తాడు

ముప్పై ఏళ్లుగా ఒక అబద్ధం మోస్తున్నాను. నా వెన్ను వంగలేదు, వంచను కూడా. అయినా బరువు బరువే. మీకు చెబుతాను. జాలి మాత్రం పడకండి.

మా తాతగారి పల్లకీకి ఎనిమిదిమంది బోయీలు. మా కాలానికి ఇంటిపేరూ, ఒక ముసలి గుర్రమూ మిగిలాయి. ఆ గుర్రం మీంచి పడి అన్నయ్య తలకు దెబ్బ తగిలింది. ప్రాణం దక్కింది గాని ఎడమ కాలు ఈడ్చేవాడు, మాట ముద్దగా వచ్చేది. "ఎంత నడిస్తే అంత మంచిదండి. కాలుకే కాదు, మనసుకూను," అన్నారు వైద్యులుగారు, నన్ను పక్కకు పిలిచి.

అన్నయ్య కాలువగట్టు మీద నడిచేవాడు. గాలి లేని రోజుల్లో పడవలకు తాడు కట్టి గట్టు మీంచి మనుషులు లాగేవారు. ఆ తాడు తనూ భుజాన వేసుకుని, వాళ్ల పాటకు అడుగు వేయడం నేర్చుకున్నాడు. పాట సాగినంతసేపూ కాలు తడబడేది కాదు. మాటా కొంత తేటపడింది. ఇంటికి నవ్వుతూ వచ్చేవాడు.

ఒకనాడు పడవ నడిపే సరంగు సూరయ్య నన్ను చూసి కేకేశాడు.

"చినబాబుగారండీ, మీ అన్నగారు గట్టోరండి! ఇలాగైతే నన్ను దింపేసి ఆరే సరంగైపోతారు!"

అందరూ నవ్వారు. అన్నయ్య అందరికంటే గట్టిగా నవ్వాడు. నాకు కనబడింది ఒక్కటే: పల్లకీ ఎక్కిన వంశం భుజం మీద తాడు ఒరిసిన మచ్చ.

ఆ సాయంత్రమే చెప్పాను. "అన్నయ్యా, ఇంకా నడిస్తే తలలో నరం చిట్లుతుందన్నారు వైద్యులుగారు."

"ని...జంగా అన్నారా?"

"అన్నారు."

నమ్మాడు. తమ్ముడు అబద్ధమాడడని అతనికి గర్వం.

అరుగు మీద కూర్చున్నాడు. కాలువ మీంచి పాట వినబడితే మడమతో నేలను తట్టేవాడు. ఏడాదికి అదీ ఆగింది. కాలు బిగుసుకుంది, మాట పోయింది, ఆ తర్వాత మనిషే పోయాడు. ఊరంతా తలరాత అంది. నేను తలూపాను.

అతని మేలు కోరే చెప్పానని ఎన్నిసార్లు నన్ను నేను ఊరడించుకోలేదు? భయపడ్డానా? లేదు. సిగ్గుపడ్డాను.

తలరాత కాదు. నేను. క్షమించమని ఎవరినీ అడగను. ఆ హక్కున్నవాడు లేడు. పరువు పోతుంది, ఈ కాగితం చింపెయ్యమంటున్నారు మావాళ్లు. చింపితే మళ్లీ రాస్తాను. రాస్తుంటే ఊపిరాడుతోంది.

మా అన్నయ్య పడవ తాడు లాగాడు. బాగా లాగాడు. మా వంశంలో భుజాన బరువెత్తిన మొదటి మగవాడు అతడే.