కడగని గాజు పలక

మా వాడలో ధనమ్మ వేలిముద్ర కాగితం మీద పడేది కాదు. రాళ్ళతో పాటు వేళ్ళూ అరిగిపోయాయి. యుద్ధం రోజుల్లో మాచర్ల అవతలి గుట్టల్లో అరుదైన ఖనిజాల కోసం సర్కారు వాళ్ళు గుడారాలు వేశారు. రాతి ముక్కను గాజు పలక మీద సానపొడి, నీళ్ళు వేసి రుద్ది, వెలుతురు దూరేంత పలుచని పొర చెయ్యడం ధనమ్మ పని. దాన్ని మైక్రోస్కోపు కింద ఫొటో తీసి, అందులో ఏ ఖనిజముందో తేల్చడం అసిస్టెంటు కోటేశ్వరరావు పని. ఒక్కసారి చూపించమని ధనమ్మ ప్రాణం తీసి నేనూ చూశాను. నల్లరాతిలో చీరల కొట్టంత రంగులు!

ధనమ్మ భర్త యోహాను అక్కడే రాళ్ళు మోసేవాడు. ఒకసారి రాళ్ళకు అంటించిన చీటీలు తారుమారయ్యాయి. అంటించింది కోటేశ్వరరావు, తన్నులు తిన్నది యోహాను. కూలీలందరి ముందు కోటేశ్వరరావు అతన్ని చెప్పుతో కొట్టి, మంచిరాళ్ళు అమ్ముకున్న దొంగ అని ముద్ర వేసి వెళ్ళగొట్టాడు. ఆ మాట విన్నాక చుట్టుపక్కల ఎవరూ పని ఇవ్వలేదు. కృష్ణ దాటి క్వారీకి వెళ్ళిన మనిషి, నెల తిరక్కుండా బండ కింద నలిగి బండిలో తిరిగొచ్చాడు.

సమాధి చేసే రోజు ధనమ్మ సెలవు అడిగితే కోటేశ్వరరావు ఏమన్నాడో తెలుసా?

"చచ్చినోడు యాడికి పోతాడే? పనయినాక పూడ్చుకోండి."

ధనమ్మ వినకుండా వచ్చేసింది. అతను హాజరు పట్టీలో గైరు రాసుకున్నాడు. రుద్దే పని ఇంకెవరికీ సరిగ్గా రాదు గనక తీసెయ్యలేకపోయాడు. వారం తర్వాత ఆమె మళ్ళీ బయలుదేరితే నాకు ఒళ్ళు మండింది.

"ఏమే, ఆ ముదనష్టపోడి మొకం ఎట్టా చూస్తావే?"

"దగ్గిరుండి చూడాలక్కా" అంది.

ఎనిమిది నెలలు చూసింది. ఒకనాడు లడ్డూ తెచ్చి నా చేతిలో పెట్టింది. కోటేశ్వరరావు ఒక పాత ఫొటోలో ఎక్కడా దొరకని ఖనిజం కనిపెట్టాడట. మద్రాసుకు రాశాడట, పెద్ద ఉద్యోగం వస్తుందట.

"నువ్వు తిన్లేదేం?"

"అది ఖనిజం కాదక్కా, సానపొడి. ముతకపొడితో రుద్దినాక రాయీ పలకా కడగాల. లేకపోతే పొడి చీలికల్లో ఇరుక్కుని రత్నాల మాదిరి మెరుస్తది. కొత్తల్లో నేనూ చేశా ఆ తప్పు."

"మరి చెప్పవేందే?"

"మద్రాసు నుంచి పెద్దయ్యగారు వస్తాడంట. ఆయన ముందర చెబుతా."

ఆయన వచ్చిన రోజు మజ్జిగ కుండ నెత్తిన పెట్టుకుని నేనూ గుడారం దగ్గర తేలాను. పెద్ద ఆఫీసరు ఫొటోను చాలాసేపు చూసి, "ఈ గింజలు చీలికల్లోనే ఎందుకున్నాయి?" అన్నాడు. కోటేశ్వరరావు ధనమ్మ వైపు వేలు చూపించాడు.

"ఈమె సరిగ్గా కడిగి ఉండదండీ. మొద్దు మనిషి."

ధనమ్మ తల ఎత్తింది. "అయ్యగారూ, ఆ ఫొటో వెనక పొర రుద్దిన తేదీ చూడండి. అదే తేదీకి హాజరు పట్టీ తియ్యండి."

తీశారు. గైరు. కోటేశ్వరరావు చేతిరాతే.

"ఆ రోజు నా పెనిమిటిని పూడ్చిపెట్టాం. ఈ పొర ఈయనగారే రుద్దుకున్నాడు."

ఆఫీసరు అదే రాయిని ధనమ్మ చేత మళ్ళీ రుద్దించాడు. ఆమె పొడి మార్చిన ప్రతిసారీ రాయీ, పలకా, గోళ్ళ సందులూ కుంచెతో కడిగింది. ఆ పొరలో మెరుపు లేదు. తర్వాత చిటికెడు ముతకపొడి ఉత్త గాజు మీద చల్లి మైక్రోస్కోపు కింద పెట్టింది. ఆఫీసరు చూసి, ఫొటో చూసి, మళ్ళీ చూశాడు.

"రాళ్ళ మీద చీటీలు కూడా ఇట్టాగే ఈయనగారి చేతిలోనే మారినయ్యయ్యా. మావోడు దొంగ కాదు" అంది ధనమ్మ.

కూలీలందరి ముందు ఆ మాట కోటేశ్వరరావు నోటితోనే చెప్పించాడు ఆఫీసరు. ఇక మద్రాసుకు రిపోర్టు వెళ్ళడమే మిగిలింది.

మర్నాడు పొద్దున్నే కోటేశ్వరరావు ధనమ్మ గుమ్మంలో నిలబడ్డాడు. నేను గోడ మీది నుంచి మెడ చాచాను.

"ధనమ్మా, నీదే తప్పని ఒక్క మాట చెప్పమ్మా. నా ఉద్యోగం పోతుంది. పిల్లలున్నారు."

ధనమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి అతని ముందు పెట్టింది.

"ముందు చేతులు కడుక్కోండి."

అతను ఆశగా కడుక్కున్నాడు.

"ఆ రోజు కూడా ఇట్టా కడిగుంటే సరిపోయేదిగా" అని తలుపు వేసేసుకుంది.